హెడ్‌లైట్లు పచ్చబడ్డాయా: రుద్దించాలా, క్లియర్ కొట్టించాలా, కొత్తవి పెట్టించాలా

రెండేళ్ళ కిందట కార్తీకంలో గుంటూరు బ్రాడీపేటలో మా అక్కావాళ్ళింట్లో భోంచేసి రాత్రి పదింటికి బెజవాడ బయల్దేరా, కాజా టోల్ దాటిన దగ్గర్నుంచి రోడ్డు మీద తెల్లగీత సరిగ్గా కనపడట్లా, అటుపక్క రోడ్డు మీద లారీ లైట్లు కళ్ళల్లో పడితే ఇక ముందర మనిషున్నాడో గేదె ఉందో కూడా తెలియని పరిస్థితి. కళ్ళజోడు పవర్ మారిందేమో అనుకుని తెల్లారి కళ్ళ డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళొచ్చా, ఆయన అన్నీ చూసి ఏం మారలేదండీ అదే పవర్ అన్నాడు. మా బావకి ఫోన్లో చెప్తే "నీ కళ్ళు బానే ఉన్నాయి, నీ బండికి శుక్లాలొచ్చుంటాయ్ వెళ్ళి చూస్కో" అన్నాడు. కిందకి దిగి చూస్తే నిజమే, 2011 వ్యాగన్ఆర్ నాది, రెండు హెడ్‌లైట్లూ ముసలాయన గోళ్ళలాగా పచ్చగా ఉన్నాయి, అందులోనూ ఎడమది మరీ ఘోరం, ఎందుకంటే పటమటలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మధ్యాహ్నం ఎండ ఆ మూల మీదే పడుద్ది.

రోజూ చూసే బండి కదా, కొంచెం కొంచెంగా మసకబారుతుంటే మనకి తెలీదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి జనం చెప్పినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేయించా, కొన్నిటికి డబ్బులు తగలేశా, ఒకదానితో ఉన్న లైట్లు ఇంకా పాడుచేసుకున్నా. ఏది దేనికి పనికొస్తుందో ఇప్పుడు చెప్తా.

ముందు ఇది ఎందుకొస్తుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. అంబాసిడర్లకీ పాత మారుతి 800లకీ ముందు గాజు ఉండేది, గాజు పగిలేదే గానీ పచ్చబడేది కాదు. ఇప్పటి బండ్లన్నిటికీ పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్, రాయి తగిలినా అంత తొందరగా పగలదు, బరువు తక్కువ, ఏ షేప్ కావాలంటే ఆ షేప్‌లో పోసుకోవచ్చు, కానీ దానికి ఎండలో ఉండే యూవీ పడదు, గీతలు కూడా ఇట్టే పడతాయి. అందుకని ఫ్యాక్టరీలోనే దాని మీద పల్చగా గట్టి పూత ఒకటి వేసి పంపిస్తారు. మన దగ్గర మే నెల ఎండలకి, హైవే దుమ్ముకి ఆ పూత ఏళ్ళ తరబడి అరిగి అరిగి పొరలు పొరలుగా లేచిపోద్ది, ఆ తర్వాత కింద ప్లాస్టిక్ పచ్చబడటం మొదలవుద్ది. అంటే మనకి కనపడే ఆ మసక చాలావరకు చచ్చిపోయిన పూత, దాని కింద ఎండకి కాలిన ప్లాస్టిక్. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఏ పద్ధతి అయినా రెండే ప్రశ్నలు: చచ్చిన పొరని పూర్తిగా తీశాడా, తీశాక దాని ప్లేస్‌లో కొత్త పొర ఏం వేశాడు. మెరుపు ఎవడైనా తెప్పిస్తాడు, ఆ రెండో ప్రశ్న దగ్గరే అందరూ నీళ్ళు నములుతారు.

డబ్బులు పెట్టే ముందు రూపాయి ఖర్చులేని టెస్ట్ ఒకటుంది. మగ్గుతో నీళ్ళు తెచ్చి హెడ్‌లైట్ మీద పోసి, తడిగా ఉండగానే చూడండి. తడిసినప్పుడు లోపల బల్బు, రిఫ్లెక్టర్ శుభ్రంగా కనపడి ఆరాక మళ్ళీ మసకైతే మీ జబ్బు పైపైనే, రుద్దితే పోద్ది. తడిసినా అలాగే మబ్బుగా ఉంటే మసక లోపలివైపున్నా ఉండాలి, లేదా ప్లాస్టిక్ లోతుగా పగుళ్ళిచ్చి అయినా ఉండాలి, పైన ఎంత రుద్దినా దండగే. ఇంకోటి, లోపల రిఫ్లెక్టర్ మీద వెండి పూత మాడి నల్లగానో గోధుమరంగులోనో ఉందేమో టార్చ్ కొట్టి చూడండి. మామూలు హెచ్4 బల్బు 60/55 వాట్లు, వెలుతురు చాలట్లేదని కొంతమంది 100/90 పెట్టించేస్తారు, ఆ వేడికి రిఫ్లెక్టర్ మాడిపోద్ది, అలా మాడినదానికి పైన అద్దంలాగా మెరిపించినా రోడ్డు మీద వెలుతురు పడదు.

మన ఊళ్ళో ఇంకో కేసుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు మునిగిన బండ్లు ఎన్నున్నాయో మీకు తెలిసిందే, వాటిల్లో చాలా హెడ్‌లైట్ల లోపలికి బురదనీళ్ళు పోయి ఎండాక సన్నటి మట్టిపొర, ఒక్కోసారి నీళ్ళు ఎంతవరకొచ్చాయో చెప్పే గీత కూడా ఉండిపోయింది. అది పైన రుద్దితే వచ్చేది కాదు. హీట్ గన్‌తో అంచున ఉన్న సీలెంట్, అంటే అతికించే జిగురు, కరిగించి, విప్పి, కడిగి, మళ్ళీ సీల్ చేసేవాళ్ళు ఆటోనగర్‌లో ఉన్నారు, కాకపోతే కొన్ని కంపెనీలు వేసే సీలెంట్ గట్టిది, వేడికి మెత్తబడదు, బలవంతంగా లాగితే అద్దం పగులుద్ది, మళ్ళీ సీల్ సరిగ్గా చేయకపోతే వచ్చే వానాకాలం లోపల చేపలు పెంచుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు ఈ గీత కోసం తప్పకుండా చూడండి, సీట్లు మార్చినవాడు కూడా హెడ్‌లైట్ లోపల తుడవడం మర్చిపోతాడు. వాన రోజున పల్చగా ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే మాత్రం కంగారు పడొద్దు, గాలి ఆడటానికి దానికి సన్న దారులుంటాయి, అది మామూలే.

సరే, మీ మసక పైనే ఉందని తేలింది అనుకుందాం.

నేను మొదలుపెట్టింది అందరిలాగే టూత్‌పేస్ట్‌తో. పాత బ్రష్, తెల్ల పేస్ట్, పావుగంట రుద్ది కడిగితే నిజంగానే తేడా కనపడింది, మా ఆవిడని పిలిచి మరీ చూపించా. మూడు వారాలకి మళ్ళీ మొదటికొచ్చింది. ఎందుకంటే పేస్ట్‌లో ఉండే సన్నటి పొడి పైపై మురికిని గీకుద్ది అంతే, లోతుగా ఉన్న చచ్చిన పూత కదలదు, పైగా అక్కడక్కడా మిగిలున్న మంచి పూతని కూడా అరగదీస్తుంది, తర్వాత ఎండ నుంచి కాపాడేది ఏమీ ఉండదు. వంటసోడా, నిమ్మకాయ అన్నీ ఇదే బాపతు. రేపు పెళ్ళికి బండి తీసుకెళ్ళాలి, ఫొటోల్లో బాగుంటే చాలు అనుకుంటే చేసుకోండి, కాదనను.

దోమల స్ప్రే మాత్రం వద్దు. డీట్ అనే మందు ఉన్న స్ప్రే కొట్టి తుడిస్తే ఒక్క నిమిషంలో మెరుస్తుంది, రీల్స్‌లో అదే చూపిస్తారు, అక్కడ జరిగేది ఏంటంటే ఆ మందు ప్లాస్టిక్ పైపొరని కరిగిస్తుంది, ఆ తడి పొర కాసేపు మెరిసి, కొన్నాళ్ళకి జిగురు జిగురుగా దుమ్ము పట్టి ముందుకన్నా దరిద్రంగా తయారవుద్ది. పెట్రోల్ గుడ్డ, థిన్నర్ గుడ్డ కూడా అంతే, మెకానిక్ చేతిలో ఎప్పుడూ ఉండేది ఆ గుడ్డే కాబట్టి మనం అటు తిరిగేలోపు తుడిచేస్తాడు, వద్దన్నా అని ముందే చెప్పండి. పాలీకార్బనేట్‌కి పెట్రోల్, థిన్నర్ తగిలితే లోపల సన్న పగుళ్ళు పుడతాయి, అవి ఇక జన్మలో పోవు.

రబ్బింగ్ కాంపౌండ్ పేస్ట్ కన్నా నయం. బండి పెయింట్‌కి వాడేదే, చిన్న ట్యూబ్ కొనుక్కుని మైక్రోఫైబర్ గుడ్డతో రుద్దితే సరిపోద్ది. ఐదారేళ్ళ బండికి ఇప్పుడిప్పుడే కొంచెం పాలరంగు తిరుగుతుంటే ఇది బాగా పనిచేస్తుంది, దాని మీద ఎండని ఆపే యూవీ సీలెంటో కనీసం మంచి వ్యాక్సో పూసుకుని రెండుమూడు నెలలకోసారి మళ్ళీ పూస్తుండాలి. మా బావ 2017 డిజైర్‌కి చేసేది ఇదే, ఆయనకి ఆదివారం పొద్దున్నే బకెట్ పట్టుకుని బండి చుట్టూ తిరగడం సరదా కాబట్టి నడుస్తుంది. నాలాంటి బద్ధకస్తుడికి నడవదు. నా లైట్లకైతే కాంపౌండ్ ఆనలేదు కూడా, పచ్చదనం అంత లోతుకి పోయింది.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని ఆవిరి పట్టించడం. రీల్స్‌లో చూసే ఉంటారు, కెటిల్‌లాంటి చిన్న కప్పులో ఏదో మందు పోసి కరెంటుతో వేడిచేసి, ముక్కులోంచి వచ్చే పొగని హెడ్‌లైట్ మీద తిప్పితే క్షణాల్లో గాజులాగా అయిపోద్ది. చూడ్డానికి మాయే. నేను చేయించినవాడు జత 1,200 తీసుకున్నాడు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది, నిజం చెప్పొద్దూ కొత్త లైట్లకన్నా మెరిసినాయ్. నాలుగు నెలలు, మధ్యలో ఒక ఎండాకాలం, అంతే. మూలల్లో సాలెగూడులాగా సన్న పగుళ్ళు మొదలైనాయ్, వేలు పెట్టి తడిమితే తగలవు, రాత్రి లైటేస్తే మాత్రం తళుకు తళుకుమని వెలుతురంతా పక్కలకి చెదిరిపోద్ది. అడిగితే "ఎండకి సార్, మనమేం చేస్తాం" అన్నాడు. ఆ ఆవిరి కూడా ప్లాస్టిక్‌ని కరిగించేదే, రుద్దిన గీతలు కరిగి ఒకదాన్లో ఒకటి కలిసిపోవడంతో నున్నగా కనపడుద్ది, పైన కాపాడే పొర మాత్రం ఏదీ రాదు. అది ఎండ నుంచి కాపాడదు సరికదా కరిగి గట్టిపడిన ప్లాస్టిక్ పగుళ్ళకి ఇంకా తొందరగా లొంగుద్ది.

అంతకన్నా భయపడాల్సింది ఆ మందు గురించి. మామూలుగా దాంట్లో వాడేది క్లోరోఫాం, డైక్లోరోమీథేన్ జాతివి, ఆ పొగ పీలిస్తే తల తిరగడం చిన్న సంగతి, లివర్‌కి దెబ్బ, క్యాన్సర్ అనుమానం ఉన్నవి, బాగా కాలిన ఇనుము గానీ నిప్పు గానీ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం కూడా ఉంది. మాస్క్ లేకుండా రోజుకి పది బండ్లకి చేసే ఆ కుర్రాడిని తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఆన్‌లైన్‌లో ఆ కిట్ కొని ఇంట్లో, అదీ సెల్లార్ పార్కింగ్‌లో చేద్దామనుకునేవాళ్ళు దయచేసి మానుకోండి. ఎంత చౌకగా దొరికినా నా ఓటు దీనికి లేదు.

ఇక అసలు పద్ధతి, వాటర్ పేపర్ పట్టించడం, అంటే నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుద్ది. ఇంట్లో చేసుకున్నా షాపులో చేయించుకున్నా పని ఒకటే: చుట్టూ పెయింట్‌కి మాస్కింగ్ టేప్ రెండు వరసలు, నీళ్ళు చల్లుకుంటూ 800 పేపర్‌తో మొదలుపెట్టి 1000, 1500, 2000, 3000 దాకా, ఒక్కో నంబర్‌కి దిక్కు మార్చుకుంటూ, ముందు నంబర్ గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాత నంబర్‌కి పోకూడదు. మొదట్లో నీళ్ళు పచ్చగా కారతాయి, అది పాత పూత, అది తెల్లగా మారేదాకా మొదటి పేపర్ ఆపొద్దు. అందరూ ఇక్కడే భయపడి ఆపేస్తారు, లైటంతా పాలగ్లాసులాగా తెల్లగా అయిపోతే గుండె జారిపోద్ది గానీ కంగారుపడక్కర్లా, అలాగే అవ్వాలి. చివర కాంపౌండ్‌తో బఫింగ్. 3ఎం లాంటివాళ్ళ రెడీమేడ్ కిట్లు డ్రిల్ మిషన్‌కి తగిలించుకునేవి ఉన్నాయి, ఇంట్లో డ్రిల్ ఉంటే చెయ్యి నొప్పి తగ్గుద్ది, కాకపోతే డ్రిల్ ఒకేచోట ఆపితే వేడికి ప్లాస్టిక్ కాలిపోద్ది, తిప్పుతూనే ఉండాలి. విడిగా పేపర్లు, కాంపౌండ్, టేప్ కొనుక్కుంటే నాకు అన్నీ కలిపి 500 లోపే అయ్యింది, భుజం నొప్పి వేరే.

ఇంతా చేసి పైన ఏమీ వేయకుండా వదిలేస్తే ముందుకన్నా తొందరగా పచ్చబడుద్ది, ఎందుకంటే ఇప్పుడు ప్లాస్టిక్ ఒంటిమీద బట్ట లేదు. కాబట్టి అసలు ఎంపిక అంతా ఈ పైపూత దగ్గరే.

కిట్లతో వచ్చే యూవీ సీలెంట్ గుడ్డతో పూసేది, తేలిక, మన ఎండకి ఏడాది వస్తే గొప్ప. క్లియర్ అంటే రంగు లేకుండా పారదర్శకంగా ఉండే పెయింట్, స్ప్రే డబ్బాల్లో దొరికే మామూలు క్లియర్, అంటే గట్టిపరిచే మందు హార్డ్‌నర్ కలవనిది, దాని జోలికి పోవద్దు, అది గట్టిపడదు, పెట్రోల్ చుక్క పడితే కరుగుద్ది, కొన్నాళ్ళకి పొరలుగా ఊడొస్తుంది. సెరామిక్ కోటింగ్ అని డీటెయిలింగ్ షాపుల వాళ్ళు చెప్పేది బానే ఉంటుంది గానీ చాలా పల్చన, గీతలు ఆగుతాయి నీళ్ళు జారతాయి, ఎండని ఆపడంలో మందంగా వేసే క్లియర్ అంత పనికిరాదు. పీపీఎఫ్ ఫిల్మ్, అదే పారదర్శకంగా ఉండే పాలీయురేథేన్ స్టిక్కర్, హైవే మీద రోజూ తిరిగేవాళ్ళకి, రాళ్ళు తగిలేవాళ్ళకి మంచిది, పచ్చబడితే పీకేసి ఇంకోటి వేయించుకోవచ్చు, కానీ మసక లైటు మీద వేస్తే మసకే మెరుస్తుంది, ముందు రుద్దించి తర్వాత వేయాలి.

నేను చివరికి కొట్టించింది బండి పెయింట్ మీద కొట్టే 2కె క్లియర్, లాకర్ అంటారు కదా హార్డ్‌నర్ కలిపేది, అది. జవహర్ ఆటోనగర్‌లో టింకరింగ్ పెయింటింగ్ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, నాకు తెలిసినాయనే, ఆవిరితో చెడిపోయిన లైట్లు చూసి ముందు తిట్టి, 600 పేపర్‌తో మొదలుపెట్టి పగుళ్ళు చాలావరకు తీసేశాడు, ఎడమదాని మూలన ఒక గోరంత ముక్క మాత్రం లోతుగా ఉండి పోలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న సంగతి ఏంటంటే క్లియర్ కొట్టేటప్పుడు లైటుని అద్దంలాగా పాలిష్ చేయకూడదు, 1000 దగ్గర ఆపేసి ఆ గరుకు మీదే కొట్టాలి, నున్నటి దాని మీద క్లియర్ పట్టు దొరక్క తర్వాత ఊడిపోద్ది, ఆ సన్న గీతల్ని క్లియరే నింపేసి మాయం చేస్తుంది. మొదటి కోటు మంచు కురిసినట్టు పల్చగా, ఎందుకంటే ఒకేసారి తడిగా కొడితే దాంట్లో థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది, తర్వాత రెండు కోట్లు నిండుగా. పొద్దున్నే ఎనిమిదింటికి కొట్టాడు, మధ్యాహ్నం ఎండలో కాలే లైటు మీద కొడితే నారింజ తొక్కలాగా గుంటలు పడతాయి, పైగా పదయ్యాక ఆటోనగర్‌లో గ్రైండింగ్ దుమ్ముకి ఏదీ శుభ్రంగా ఆరదు.

ఖర్చు సంగతి ఇంకో కిటుకు. మన రెండు లైట్ల కోసమే క్లియర్ కలపమంటే ఏ మేస్త్రీ అయినా ఎక్కువ అడుగుతాడు, హార్డ్‌నర్ కలిపాక అది దాచుకునేది కాదు. అదే వేరే బండి బంపరో డోరో కొట్టే రోజు చెప్పన్నా, వచ్చేస్తా అంటే ఆ కలిపిన దాంట్లోనే మనది అయిపోద్ది. నాకు అలా 700 అయ్యింది, అదే పని బందర్ రోడ్డు వైపు ఏసీ షాపులో 2,000 చెప్పారు. ఏసీ షాపు దండగ అనట్లా, దుమ్ము లేని గది ఉంటుంది, వారంటీ కాగితం ఇస్తారు, అడగాల్సింది మాత్రం ఒక్కటే: "రుద్దాక పైన ఏం వేస్తారండి?" పాలిష్, వ్యాక్స్ అన్నాడంటే అది 2,000 పని కాదు. ఇంట్లో 2కె స్ప్రే డబ్బాతో కొట్టుకుందామనుకునేవాళ్ళకి ఒక మాట, హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి మంచివి కావు, గుడ్డ కట్టుకుంటే చాలదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, ఆరుబయట కొట్టాలి.

కొత్తవి పెట్టించడం ఎప్పుడు? పగుళ్ళు లోతుగా ఉన్నా, రిఫ్లెక్టర్ మాడినా, ఒకసారి రుద్దించి మళ్ళీ రెండోసారి కూడా రుద్దే పరిస్థితి వచ్చినా. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2018లో కొలిచి చూస్తే పచ్చబడిన లైట్లు కొత్తవాటితో పోలిస్తే ఇంచుమించు 20 శాతం వెలుతురే ఇస్తున్నాయి, రుద్ది బాగుచేస్తే సుమారు 70 దాకా వచ్చింది, ఒరిజినల్ కొత్తవి పెడితేనే పూర్తిగా వచ్చింది. అంటే రుద్దించినవి ఎంత మెరిసినా కొత్తవాటికి సమానం కావు, రాత్రిపూట హైదరాబాద్ రోడ్డో చెన్నై రోడ్డో ఎక్కువ తిరిగేవాళ్ళు ఇది లెక్కలో వేసుకోవాలి. నా పాత వ్యాగన్ఆర్‌కి ఒక్కోటి 2,000కి అటూఇటూ చెప్పారు, చిన్న బండ్లకి ఇలా ఉంటే ఆలోచించకుండా మార్చేసుకోవచ్చు కూడా. ఎల్‌ఈడీ లైట్లొచ్చే పెద్ద బండ్లకి ఒక్కోటి 20,000 దాటేవి ఉన్నాయి, వాళ్ళకి రుద్దించుకోవడమే దారి. కొంటే కంపెనీ పార్ట్ లేదా లుమాక్స్, యూనో మిండా లాంటి పేరున్నవి కొనండి, బిల్లు తీసుకోండి. పేరులేని చౌక కాపీలు పైన గట్టి పూత సరిగ్గా లేక తొందరగా పచ్చబడతాయి, వెలుతురు ఎక్కడ పడాలో అక్కడ పడదు. పాత సామాను కొట్లో లైటు కొనేటప్పుడు వెనక బోల్టు చెవులు విరిగి అతికించారేమో చూడండి. రెండూ కలిపే మార్చండి, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే బండి కన్నుకొట్టినట్టు ఉంటుంది.

ఇన్సూరెన్స్‌లో పెడదామా అని మా అక్క అడిగింది. పచ్చబడటం అరుగుదల కింద లెక్క, క్లెయిమ్ రాదు. గుద్దుకుని పగిలితే వస్తుంది, అప్పుడు కూడా జీరో డెప్, అంటే అరుగుదల కోత లేని పాలసీ, లేకపోతే ప్లాస్టిక్ పార్టులకి 50 శాతం కోత.

ఏం చేయించినా లైటు విప్పేపనైతే ముందురోజు రాత్రి బండిని గోడకెదురుగా పెట్టి, డిమ్‌లో వెలుతురు పైఅంచు ఎక్కడ పడుతుందో గోడమీద టేప్ అంటించండి, బిగించాక అదే చోట బండి పెట్టి స్క్రూ తిప్పి దానికి సరిచేయించుకోండి. నేను ఇది చేయకపోతే మొదటి రెండ్రోజులు ఎదురొచ్చే ప్రతి ఆటోవాడూ నాకు డిప్ కొట్టాడు.

నా 2కె లైట్లకి ఇప్పటికి పదహారు నెలలు. కుడిది అలాగే ఉంది, ఎడమదాని మీద రాయి తగిలి క్లియర్ ఒక చుక్కంత లేచింది, అక్కణ్ణుంచి నీళ్ళు దూరి పొర ఊడకముందే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాలి, ఈ శనివారం ఎవరిదో ఇన్నోవా బానెట్ కొడతానన్నాడు.